వెబ్ సందర్శకుల గణన, స్థాన గుర్తింపు

ఒక వెబ్‌సైటుకు ఎందరు వస్తున్నారు, ఏ వేళలో వస్తున్నారు, ఏ ఊరి నుంచి వస్తున్నారు, ఏ దారిన వచ్చి ఏ పేజీ దగ్గర ఆగుతున్నారు అన్నది తెలుసుకునే పద్ధతులన్నిటినీ కలిపి సందర్శకుల గణన అంటారు. ఇందులో రెండు పనులున్నాయి. ఒకటి లెక్క, రెండోది చోటు. లెక్క ఉజ్జాయింపుగా కుదురుతుంది. చోటు మాత్రం దేశం వరకు బాగానే తెలుస్తుంది, రాష్ట్రం దగ్గర తడబడుతుంది, ఊరి దగ్గరకు వచ్చేసరికి చాలాసార్లు తప్పుతుంది. సంగారెడ్డి జిల్లా రామచంద్రాపురం మండలంలో, పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతానికి దాపున ఉన్న వెలిమెల నుంచి ఎవరైనా ఒక తెలుగు పేజీ తెరిస్తే ఆ సైటు నడిపేవారి పటంలో వెలిమెల కనిపించడం అరుదు. హైదరాబాదు కనిపిస్తుంది. ఒక్కోసారి చెన్నై, ముంబై కూడా కనిపించవచ్చు. పటం మీది చుక్కను మనిషి ఉన్న చోటుగా చదవడమే ఈ రంగంలో అందరూ చేసే మొదటి పొరపాటు.

లాగ్ ఫైలు

వెబ్ పుట్టినప్పటి నుంచి లెక్క దానితోపాటే ఉంది. ఎవరైనా ఒక పేజీ తెరిచినప్పుడు వారి బ్రౌజరు ఆ సైటు సర్వరును అడుగుతుంది. సర్వరు పేజీని పంపి, ఆ సంగతిని లాగ్ ఫైలులో ఒక వరుసగా రాసుకుంటుంది. 1990ల తొలి ఏళ్లలో అమెరికాలోని ఎన్‌సీఎస్‌ఏ పరిశోధన కేంద్రం తయారుచేసిన సర్వరుతో ఈ వరుసకు ఒక పద్ధతి స్థిరపడింది. అడిగిన యంత్రాన్ని ఇంటర్నెట్‌లో గుర్తించే సంఖ్య అయిన ఐపీ అడ్రసు, తేదీ, వేళ, అడిగిన పేజీ, అది దొరికిందో లేదో చెప్పే మూడంకెల సంకేతం, పంపిన బైట్లు అందులో ఉంటాయి. తర్వాత ఇంకో రెండు చేరాయి. ఏ పేజీలోని లింకు నొక్కి వచ్చారో చెప్పే రిఫరర్ ఒకటి, బ్రౌజరు పేరూ యంత్రం రకమూ చెప్పే యూజర్ ఏజెంట్ ఇంకొకటి. ఈ వివరాల్లో మామూలుగా మనిషి పేరు ఉండదు, ఊరి పేరూ ఉండదు. ఆ తర్వాత మూడు దశాబ్దాలుగా వచ్చిన పరిజ్ఞానమంతా లేని ఆ రెండింటినీ ఉన్నవాటిలోంచి రాబట్టే ప్రయత్నమే.

లాగ్ ఫైలును చదివి పట్టికలు వేసిపెట్టే ప్రోగ్రాములు త్వరగానే వచ్చాయి. 1995లో కేంబ్రిడ్జిలో స్టీఫెన్ టర్నర్ రాసిన అనలాగ్, 1997లో వచ్చిన వెబలైజర్, 2000లో వచ్చిన ఏడబ్ల్యూస్టాట్స్ వాటిలో పేరున్నవి. అద్దె సర్వర్ల మీద సొంత సైటు పెట్టుకున్న తెలుగువాళ్లలో చాలామందికి గణన అంటే తొలిపరిచయం ఈ పట్టికలతోనే.

ఆ రోజుల్లో గొప్పగా చెప్పుకున్న అంకె హిట్లు. పేజీలో పది బొమ్మలుంటే ఒక్క మనిషి ఒక్కసారి తెరిచినా పదకొండు హిట్లు పడతాయి. అందుకే హిట్ల సంఖ్యకు మనుషుల సంఖ్యతో సంబంధం లేదు. ఇది తెలిశాక పేజీ చూపులు, సందర్శనలు, విడి సందర్శకులు అనే మూడు అంకెలు వాడుకలోకి వచ్చాయి. ఒకరు వరుసగా పేజీలు చూస్తూ అరగంటపాటు ఏమీ నొక్కకపోతే అక్కడితో ఆ సందర్శన ముగిసిందని లెక్క వేయడం ఆనవాయితీ. ఆ అరగంట ఒక ఒప్పందం మాత్రమే. దీర్ఘ వ్యాసాన్ని నలభై నిమిషాలు నిదానంగా చదివి తర్వాతి పేజీకి వెళ్లిన పాఠకుణ్ణి చాలా పట్టికలు రెండు సందర్శనలుగా చూపిస్తాయి.

కుకీ, కనపడని బొమ్మ, గూగుల్ అనలిటిక్స్

వీఎస్ఎన్ఎల్ 1995 ఆగస్టు 15న దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది. అప్పటి విదేశీ సర్వర్ల లాగుల్లో భారతీయ పాఠకుల్లో చాలామంది ఆ సంస్థ పేరుతోనే నమోదయ్యేవారు. ఫోను తీగ మీద కలిసిన ప్రతిసారీ కొత్త అడ్రసు వచ్చేది గనుక, వారమంతా వచ్చిన ఒకే మనిషి ఏడుగురుగా కనిపించే వీలుండేది. దీనికి తలకిందులైన పరిస్థితి ఇంటర్నెట్ సెంటర్లది. అమీర్‌పేటలోనో విజయవాడలోనో ఒకే కంప్యూటరు ముందు రోజంతా పదిమంది మారి కూర్చుంటే యంత్రానికి వాళ్లంతా ఒక్కరే.

ఒకే బ్రౌజరు తిరిగి వచ్చిందని గుర్తుపట్టే పని కుకీకి దక్కింది. 1994లో నెట్‌స్కేప్ సంస్థలో పనిచేస్తున్న లూ మాంటూలీ దీన్ని రూపొందించాడు. బ్రౌజరులో చిన్న అక్షరాల వరుసను దాచిపెట్టి, మళ్లీ వచ్చినప్పుడు దాన్ని తిరిగి చూపించమనడమే దాని పని. కొనుగోలు బుట్టలో ఏమున్నదీ గుర్తుంచుకోవడానికి పుట్టిన ఈ ఏర్పాటు త్వరలోనే మనుషుల వెంటపడే పనిముట్టయింది. పేజీలో ఎవరికీ కనిపించని ఒక పిక్సెల్ బొమ్మను వేరే సంస్థ సర్వరు నుంచి తెప్పిస్తే ఆ పేజీని చూసినవారి వివరాలు ఆ సంస్థ లాగులో పడతాయి. అదే సంస్థ బొమ్మ వెయ్యి సైట్లలో ఉంటే, ఆ వెయ్యింటిలో ఒకరు తిరిగిన దారంతా ఒకచోట చేరుతుంది. ఐర్లండులో అప్పటికి పదహారేళ్ల వాడైన ఏడన్ కలెన్ 1999లో స్టాట్‌కౌంటర్ మొదలుపెట్టాడు. ఆ తర్వాత దేశాల జెండాలు చూపించే గడులు, చుక్కలు పెట్టిన ప్రపంచ పటాలు సొంత సైట్ల పక్కవారలో వెలిశాయి. తెలుగులో రాసేవారు వీటిని మనసారా పెట్టుకున్నారు. తాము రాసింది ఎక్కడో సింగపూరులోనో డాలసులోనో ఒకరు చదివారని తెలియడం వారికి నిజమైన ఆనందం. ఆ ఆనందాన్ని తక్కువ చేయనక్కర్లేదు. పారితోషికం లేని రచనకు అదొక్కటే ప్రతిఫలం.

2005 ఏప్రిల్‌లో గూగుల్ అర్చిన్ అనే గణన సంస్థను కొని, ఆ నవంబరులో గూగుల్ అనలిటిక్స్ పేరుతో ఆ సేవను ఉచితం చేసింది. చిన్నా పెద్దా సైట్లు చాలావరకు ఒకే దారి పట్టాయి. ఆ సేవలోని పాత పద్ధతి 2023 జులై 1 నుంచి కొత్త లెక్కలు తీసుకోవడం మానేసింది. ఇప్పుడున్న నాలుగో తరం ఐపీ అడ్రసు నుంచి ఊరిని ఊహించి, అడ్రసును మాత్రం దాచుకోకుండా వదిలేస్తుంది. లెక్కను తమ సర్వరులోనే ఉంచుకోవాలనుకునేవారికి 2007లో పివిక్‌గా మొదలై 2018లో మటోమోగా పేరు మారిన ప్రోగ్రాము ఉంది. కుకీలు లేకుండా లెక్కించే ప్లాజిబుల్ వంటివి కూడా తర్వాత వచ్చాయి.

అడ్రసు నుంచి ఊరి దాకా

ఐపీ అడ్రసులో భౌగోళికం ఏమీ లేదు. పిన్‌కోడులో మొదటి అంకె చూసి ఏ ప్రాంతమో చెప్పవచ్చు, ఐపీ అడ్రసుకు అలాంటి అమరిక లేదు. ప్రపంచానికి అడ్రసులు పంచే ప్రాంతీయ సంస్థలు అయిదు. ఆసియా, పసిఫిక్ దేశాలకు ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ కేంద్రంగా ఉన్న ఏపీనిక్ పంచుతుంది. భారతదేశంలో ఆ పనిని నిక్సీ కింద ఉన్న ఐఆర్ఐఎన్ఎన్ 2012 నుంచి చేస్తోంది. ఈ సంస్థల పుస్తకాల్లో ఉండేది ఒక అడ్రసుల గుంపు ఏ సంస్థకు ఇచ్చారన్నది, ఆ సంస్థ ఆఫీసు ఎక్కడున్నదన్నది మాత్రమే. ఆ గుంపును సంస్థ ఏ ఊళ్లో వాడుతోందో చెప్పాల్సిన పనిలేదు.

ఈ ఖాళీని పూరించడానికి అమెరికాలో 2002లో మొదలైన మాక్స్‌మైండ్ వంటి కంపెనీలు అడ్రసులకు ఊళ్లను జతచేసిన పట్టికలు తయారుచేసి అమ్ముతున్నాయి. వాటికి ఆధారాలు అనేకం. నమోదు పుస్తకాలు ఒకటి. నెట్‌వర్కుల మధ్య దారులను చెప్పే సమాచారం మరొకటి. తెలిసిన చోట్ల నుంచి సంకేతం పంపి తిరిగి రావడానికి పట్టిన మిల్లీ సెకన్లను బట్టి దూరం అంచనా వేయడం ఇంకొకటి. రూటర్ల పేర్లలో ఇరికించిన ఊరి పొట్టిపేర్లు కూడా పనికొస్తాయి. జీపీఎస్ ఆన్ చేసి యాప్ వాడినవారి చోటునూ ఆ సమయపు అడ్రసునూ కలిపి కొన్ని కంపెనీలు పట్టికలు సరిదిద్దుకుంటాయి. తమ అడ్రసులు ఏ ఊళ్లో ఉన్నాయో నెట్‌వర్కు కంపెనీలే ఒక ఫైలులో ప్రకటించే పద్ధతి 2020లో ఆర్ఎఫ్‌సీ 8805 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంగా రూపు కట్టింది.

ఇవన్నీ కలిపినా తేలేది నెట్‌వర్కు తాలూకు చోటే. ఫోనులో జీపీఎస్ చెప్పే చోటు వేరే సంగతి. దాన్ని బ్రౌజరు అడగాలంటే వాడేవారి అనుమతి కావాలి, అనుమతి అడిగే గడి తెరమీద కనిపిస్తుంది. అనుమతి లేకుండా సైటుకు దొరికేది అడ్రసు మీది ఊహ మాత్రమే.

వెలిమెల ఎందుకు కనిపించదు

వెలిమెల హైదరాబాదు నడిబొడ్డు నుంచి దాదాపు 30 కిలోమీటర్ల దూరంలో, అవుటర్ రింగ్ రోడ్డుకు పడమర వైపు ఉంది. కొల్లూరు, తెల్లాపూర్, ఈదులనాగులపల్లి ఇరుగుపొరుగు ఊళ్లు. పొలాలు, వెంచర్లు, ఇప్పుడిప్పుడే లేస్తున్న భవనాలు పక్కపక్కనే కనిపించే చోటు ఇది. ఇక్కడ ఒకరు ఫోనులో తెలుగు పేజీ తెరిచారనుకుందాం. ఆ చోటు పటం మీదికి ఎక్కకపోవడానికి కారణాలు ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉన్నాయి.

మొదటిది అడ్రసుల కరువు. పాత పద్ధతి ఐపీ అడ్రసులు మొత్తం సుమారు 429 కోట్లు. లోకంలోని ఫోన్లకు, కంప్యూటర్లకు అవి చాలవు. అందుకని మొబైల్ కంపెనీలు వేలమంది చందాదారులకు లోపలి అడ్రసులు ఇచ్చి, బయటి ప్రపంచానికి కొద్ది అడ్రసులే చూపిస్తాయి. ఈ పనికోసం ప్రత్యేకించిన అడ్రసుల గుంపును 2012 ఏప్రిల్‌లో ఆర్ఎఫ్‌సీ 6598 కేటాయించింది. వెలిమెల పక్కనున్న కొల్లూరులో 2023 జూన్‌లో ప్రారంభించిన రెండు పడకగదుల ఇళ్ల సముదాయంలో 15,660 ఫ్లాట్లున్నాయి. ఆ ఇళ్లన్నిటికీ గేటు మీది పేరొక్కటే చిరునామాగా రాస్తే పోస్ట్‌మ్యాన్‌కు ఏం తెలుస్తుందో, మొబైల్ కంపెనీ ఇచ్చిన బయటి అడ్రసు చూసినవారికీ అంతే తెలుస్తుంది.

రెండోది ఆ గేటు ఉన్న చోటు. మొబైల్ డేటా టవరు దగ్గరే ఇంటర్నెట్‌లో కలవదు. అది కంపెనీ తాలూకు గేట్‌వే దాకా ప్రయాణించి అక్కడ బయటపడుతుంది. పట్టికలు తయారుచేసేవారికి కనిపించేది ఆ గేట్‌వే. అది హైదరాబాదులో ఉంటే పాఠకుడు హైదరాబాదువాడవుతాడు, ఇంకో మహానగరంలో ఉంటే ఆ నగరంవాడవుతాడు. పాశమైలారం, పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో ఒడిశా, బీహారు వంటి రాష్ట్రాల నుంచి వచ్చి పనిచేసేవారు సొంత రాష్ట్రపు సిమ్‌లతో ఉంటారు. వారి డేటా సొంత రాష్ట్రపు గేట్‌వే మీదుగా బయటపడితే, పటాన్‌చెరులో కూర్చున్నవారి చుక్క వేరే రాష్ట్రంలో పడుతుంది.

మూడోది పాలనా సరిహద్దులకూ టెలికాం సరిహద్దులకూ పొంతన లేకపోవడం. దేశంలోని 22 టెలికాం లైసెన్సు ప్రాంతాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడినా ఆ లైసెన్సు ప్రాంతం విడిపోలేదు, రెండు రాష్ట్రాలూ అందులోనే ఉన్నాయి. జిల్లా పేరు కూడా మారింది. 2016 అక్టోబరు 11 వరకు ఈ ప్రాంతం మెదక్ జిల్లా, ఆ తర్వాత సంగారెడ్డి జిల్లా. పటాన్‌చెరు, రామచంద్రాపురం మున్సిపాలిటీలు 2007లోనే గ్రేటర్ హైదరాబాదులో కలిశాయి. దీనికితోడు ఊరి పేరు వెలిమెల అని, వెలిమల అని, వెల్మల అని రకరకాలుగా రాస్తారు. విదేశంలో కూర్చుని పట్టిక వేసే కంపెనీ ఇవన్నీ సరిచూసుకుంటుందని ఆశించలేం. ఏమీ తేలకపోతే నగర కేంద్రాన్ని ఇచ్చి ఊరుకుంటుంది. అందుకే హైదరాబాదు మీద పడే చుక్కల్లో ఎన్నో అక్కడివి కావు.

ఇదే ప్రాంతంలో బాగా గుర్తుపట్టగలిగే చోట్లు కూడా ఉన్నాయి. కందిలోని ఐఐటీ హైదరాబాదు, 1972 నుంచి పటాన్‌చెరులో ఉన్న ఇక్రిశాట్ వంటి పెద్ద సంస్థల క్యాంపస్ నుంచి తెరిచిన పేజీ ఆ సంస్థ పేరుతోనే నమోదయ్యే అవకాశం ఎక్కువ. పెద్ద సంస్థలకు సొంత అడ్రసులుంటాయి. ఫలితంగా గణన పట్టికలో పరిశోధన సంస్థ కనిపిస్తుంది, దానికి నాలుగు మైళ్ల అవతలి పల్లె కనిపించదు. పాఠకులు నగరాల్లోనే ఉన్నారని, పల్లెల్లో ఎవరూ చదవడం లేదని ఇలాంటి పటాలు చూసి తేల్చడం అన్యాయం. ఆ తీర్పును ప్రకటనలు ఇచ్చేవారు, పత్రికలు నడిపేవారు చాలాసార్లు నమ్ముతారు. పల్లె పాఠకుల కోసం రాసేవి తగ్గడానికి ఇలాంటి పటాలూ ఒక కారణం కావచ్చు.

పాట్విన్ పొలం

చుక్క తప్పితే ఏం జరుగుతుందో అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో తెలిసింది. ఫలానా అడ్రసు అమెరికాలోనే ఉందని తెలిసి, అంతకు మించి ఏమీ తెలియనప్పుడు మాక్స్‌మైండ్ ఆ దేశపు నడిమధ్యకు దగ్గరగా, గుండుసున్నాలతో ముగిసే అంకె కోసం సర్దిన ఒక బిందువును ఇచ్చేది. 38 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 97 డిగ్రీల పశ్చిమ రేఖాంశం కలిసే ఆ బిందువు పాట్విన్ అనే చిన్న ఊరి దగ్గర ఒక పొలంలో పడింది. 60 కోట్లకు పైగా అడ్రసులు ఆ పొలానికి అతుక్కున్నాయి. మోసపోయినవారు, పోలీసులు, పన్నుల అధికారులు, తప్పిపోయిన పిల్లల్ని వెతికేవారు ఏళ్ల తరబడి ఆ పొలంలోని ఇంటి మీదికి వచ్చారు. పాత్రికేయురాలు కశ్మీర్ హిల్ 2016లో ఈ సంగతి బయటపెట్టాక, కంపెనీ అలాంటి బిందువులను జనం లేని నీటి మధ్యకు మార్చింది. ‘దేశం వరకే తెలుసు’ అన్న నిజాయితీ మాట పట్టికలో ఉన్నా, దాన్ని చదివే సాఫ్ట్‌వేర్లు ఒక చుక్క వేసి చూపించాయి. చుక్క వేయగానే అది ఒకరి ఇల్లయింది.

తప్పుదారి పట్టించే చోట్లు ఇంకా ఉన్నాయి. భారత కంప్యూటరు అత్యవసర స్పందన సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలు, అసలు అడ్రసును దాచి వేరే అడ్రసు చూపించే వీపీఎన్ కంపెనీలు వాడకందారుల వివరాలు అయిదేళ్లు దాచాలన్నాయి. దానికి ఒప్పుకోని ఎక్స్‌ప్రెస్ వీపీఎన్ వంటివి భారతదేశంలోని సర్వర్లు తీసేసి, సింగపూరు, బ్రిటన్‌లలో ఉన్న యంత్రాలకే భారతీయ అడ్రసులు తగిలించాయి. అలాంటి దారిన వచ్చిన పాఠకుడు పట్టికలో భారతదేశంలో ఉంటాడు, యంత్రం సింగపూరులో ఉంటుంది, మనిషి ఎక్కడైనా ఉండవచ్చు. 2021లో ఆపిల్ తెచ్చిన ప్రైవేట్ రిలే కూడా అసలు అడ్రసును సైటుకు చూపించకుండా ఆపుతుంది.

వేళలు, దారులు

చోటుకంటే వేళ నమ్మదగ్గ సాక్షి. తెలుగు సైటుకు రోజులో రెండు ఉధృతాలు రావడం సహజం. భారతదేశంలో భోజనాలయ్యాక రాత్రి ఒకటి, ఇక్కడ తెల్లవారేవేళకు రెండోది. న్యూయార్కులో రాత్రి తొమ్మిదింటికి మన దగ్గర చలికాలంలో మర్నాడు ఉదయం ఏడున్నర, వేసవిలో ఆరున్నర. మార్చి, నవంబరు నెలల్లో అక్కడ గడియారాలు మార్చినప్పుడు ఆ ఉదయపు ఉధృతం గంట జరిగితే, ఆ పాఠకులు అమెరికాలో ఉన్నారని ఏ పటమూ లేకుండానే చెప్పవచ్చు. 2011 జనగణన ప్రకారం దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 8.11 కోట్లు. అమెరికాలో 2017 నాటికి ఇళ్లలో తెలుగు మాట్లాడేవారు 4 లక్షలు దాటారు, 2010 నుంచి ఆ ఏడేళ్లలో పెరుగుదల 86 శాతం. 1998 అక్టోబరులో మొదలైన ఈమాట వంటి పత్రిక పుట్టుకే ఈ ప్రవాస పాఠకులతో, రచయితలతో ముడిపడింది.

మూడు షిఫ్టుల్లో నడిచే పటాన్‌చెరు వంటి చోట అర్ధరాత్రి చదివేవారూ ఉంటారు. పట్టికలో రెండు గంటలకు కనిపించిన చూపు కాలిఫోర్నియాలో మధ్యాహ్నం భోజనవేళ కావచ్చు, రాత్రి డ్యూటీలో దొరికిన పది నిమిషాల విరామమూ కావచ్చు. వేళ ఒక్కటే చూసి ఏది అన్నది తేల్చకూడదు.

వచ్చిన దారి విషయంలో గణన ఏటేటా గుడ్డిదవుతోంది. ఒకప్పుడు గూగుల్‌లో ఏ మాటలు వెతికి వచ్చారో రిఫరర్‌లో కనిపించేది. తెలుగు రాసేవారికి అదొక విద్య. యూనికోడ్ కాని సొంత ఫాంట్లలో ఉన్న పేజీలు వెతుకులాటకు దొరకవని, యూనికోడ్‌లోకి మారితే పాఠకులు వాళ్లంతట వాళ్లే వస్తారని ఆ మాటల చిట్టా చూసి అర్థం చేసుకున్నవారున్నారు. గూగుల్ 2011 నుంచి ఆ మాటలను దాచడం మొదలుపెట్టింది, 2013కల్లా దాదాపు పూర్తిగా ఆపేసింది. 2020లో వచ్చిన 85వ రూపం నుంచి క్రోమ్ బ్రౌజరు, లింకు ఉన్న పేజీ పేరు కాక సైటు పేరు వరకే ఎదుటి సర్వరుకు చెబుతోంది. వాట్సాప్‌లో పంపిన లింకు నొక్కి వచ్చినవారు చాలావరకు ‘డైరెక్ట్’ గడిలో పడతారు. పాత్రికేయుడు అలెక్సిస్ మాడ్రిగల్ 2012లో ఇలాంటి రాకపోకలకు డార్క్ సోషల్ అని పేరు పెట్టాడు. కుటుంబ గ్రూపుల్లో, పూర్వ విద్యార్థుల గ్రూపుల్లో తెలుగు రచనలు చేతులు మారే తీరు చూస్తే, తెలుగు సైట్ల పట్టికలో ‘డైరెక్ట్’ అన్న మాటకు ‘ఎవరో ఇష్టపడి పంపారు’ అని అర్థం చెప్పుకోవడం తరచూ సరైనదే.

తెలుగు వికీపీడియా చూపే దారి

2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ గణనలో ఎంతో జాగ్రత్తగా ఉంది. ఏ వ్యాసాన్ని ఏ రోజు ఎన్నిసార్లు చూశారో ఎవరైనా చూడవచ్చు. ఇప్పటి నిర్వచనంతో పేజీ చూపుల లెక్క 2015 నుంచి ఉంది. ఉగాదికి, సంక్రాంతికి ఆయా పండుగల వ్యాసాల చూపులు ఎగబాకడం, ఒక ప్రముఖుడు కన్నుమూసిన రోజున వారి వ్యాసం మీద జనం విరుచుకుపడడం ఆ పట్టికల్లో స్పష్టంగా ఉంటుంది. చదివిందెవరన్నది మాత్రం ఉండదు.

విడి యంత్రాలను లెక్కించడానికి వారు వాడే కుకీలో ఏ గుర్తింపు సంఖ్యా ఉండదు. చివరిసారి వచ్చిన తేదీ మాత్రమే ఉంటుంది. ఈ నెల ఇదే మొదటి రాకా కాదా అని తెలిస్తే నెల లెక్కకు చాలు. దేశాలవారీగా ఏ వ్యాసం ఎన్నిసార్లు చూశారో 2023 నుంచి విడుదల చేస్తున్నప్పుడు అంకెలకు కావాలనే చిన్న తేడాలు కలుపుతున్నారు. మొత్తం సరిగానే ఉంటుంది, ఒక్క మనిషి ఉన్నాడో లేడో ఎవరూ తేల్చలేరు. ఇంతకుముందు ఖాతా లేకుండా దిద్దుబాటు చేసినవారి ఐపీ అడ్రసు చరిత్ర పేజీలో శాశ్వతంగా కనిపించేది. 2024 చివరి నుంచి వికీలు ఒక్కొక్కటిగా దాని బదులు తాత్కాలిక ఖాతా పేరు చూపించడం మొదలుపెట్టాయి. డబ్బున్న ఎన్నో కంపెనీలు చేయనిది విరాళాల మీద నడిచే సంస్థ చేసి చూపించింది.

మనుషులు కాని సందర్శకులు

సగం దాకా రాకపోకలు మనుషులవి కావు. ఇంపెర్వా కంపెనీ లెక్కలో 2023లో ఇంటర్నెట్ రాకపోకల్లో 49.6 శాతం బాట్లవి, అంటే తమంతట తామే పేజీలు తెరిచే ప్రోగ్రాములవి. 2024లో అది 51 శాతం. వెతుకులాట యంత్రాల బాట్లు పేరు చెప్పుకుని వస్తాయి. 2023 నుంచి భాషా నమూనాలకు పాఠ్యం పోగుచేసే బాట్లు కూడా చేరాయి. మనిషిలా నటించేవే అసలు తలనొప్పి. 2025 మే, జూన్ నెలల్లో వికీపీడియాకు బ్రెజిల్ నుంచి అసాధారణంగా రాకపోకలు పెరిగినట్టు కనిపించింది. చాలావరకు అవి పట్టుబడకుండా తయారైన బాట్లని తర్వాత తేలింది. బాట్లను ఏరే జల్లెడ సరిచేసి మళ్లీ లెక్కిస్తే ఆ ఏడాది కొన్ని నెలల్లో మనుషుల చూపులు అంతకుముందు ఏడాది అవే నెలలతో పోల్చితే సుమారు 8 శాతం తగ్గాయి. అన్ని వనరులున్న సంస్థకే ఒక దేశపు రద్దీ ఇలా అబద్ధమైతే, ఒంటి చేత్తో సైటు నడిపేవారు పటంలో హఠాత్తుగా వెలిగిన దేశాన్ని చూసి సంబరపడే ముందు లాగ్ ఫైలు తెరవడం మంచిది. ఒకే అడ్రసుల గుంపు నుంచి సెకనుకు మూడు పేజీల చొప్పున తెరిచేవారు పాఠకులు కారు.

చిన్న ఊరి పాఠకుడికి ఉన్న ప్రమాదం

చోటు తప్పడం ఒక నష్టం. సరిగ్గా దొరకడం కొందరికి అంతకంటే పెద్ద నష్టం. హైదరాబాదులో ఒకరు ఫలానా జబ్బు గురించి చదివారంటే అది ఎవరో ఎవరికీ తెలియదు. వెలిమెలలో ఒకరు, ఫలానా రకం ఫోనులో, ఉదయం ఆరున్నరకు, ఫలానా చర్చిలోనో మసీదులోనో జరిగిన గొడవ గురించి చదివారంటే ఊళ్లోవాళ్లకు ఆ మనిషి తెలిసిపోవచ్చు. చిన్న అంకెలు మనుషుల్ని పట్టిస్తాయి. ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ 2010లో దాదాపు 4.7 లక్షల బ్రౌజర్లను పరిశీలిస్తే, వాటిలో 83.6 శాతం ఫాంట్లు, తెర కొలతలు, ప్లగిన్ల వంటి వివరాల కూర్పుతోనే మిగతావాటి నుంచి విడిగా గుర్తుపట్టగలిగేలా ఉన్నాయి. కుకీ కూడా అక్కర్లేదు. వ్యాయామ యాప్ స్ట్రావా పేర్లేమీ లేకుండా విడుదల చేసిన పరుగుల పటంలో, 2018 జనవరిలో మారుమూల సైనిక శిబిరాల రూపురేఖలు బయటపడ్డాయి. జనం పలచగా ఉన్నచోట పేర్లు తీసేసినా దాపరికం ఉండదు.

చట్టం

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తీర్పు చెప్పింది. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం లభించింది, నియమాలు 2025 నవంబరులో వెలువడి దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. వ్యక్తులు తమ సొంత, ఇంటి అవసరాలకు చేసే పనులను ఈ చట్టం వదిలేసింది. మిగతావారు అనుమతి అడిగే నోటీసును రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో చదువుకునే వీలు కల్పించాలి, వాటిలో తెలుగు ఒకటి. పద్దెనిమిదేళ్ల లోపువారి నడవడిని వెంబడించడం నిషేధం. జరిమానా గరిష్ఠంగా 250 కోట్ల రూపాయల వరకు ఉండవచ్చు. ఐరోపా న్యాయస్థానం తరచూ మారే ఐపీ అడ్రసు కూడా వ్యక్తిగత సమాచారం కాగలదని 2016 అక్టోబరులోనే బ్రెయర్ కేసులో తేల్చింది. ఒక సైటులో గూగుల్ అనలిటిక్స్ వాడకం ఐరోపా నిబంధనలకు విరుద్ధమని ఆస్ట్రియా అధికారులు తేల్చిన సంగతి 2022 జనవరిలో వెల్లడైంది. విదేశాల్లోని తెలుగువారు చదివే సైటు నడిపేవారికి ఇవి దూరపు సంగతులు కావు.

ఎంతవరకు చాలు

తెలుగు సైటు నడిపేవారికి పనికొచ్చే ప్రశ్నలు కొన్నే. ఏ రచన ఎక్కువ చదివారు, ఏది ఏళ్ల తర్వాత కూడా చదువుతున్నారు, ఏ లింకు తెగిపోయింది, ఫోనులో పేజీ సరిగా తెరుచుకుంటోందా. వీటిలో ఒక్కదానికీ పాఠకుడి ఊరు అక్కర్లేదు. దేశం వరకు తెలిస్తే ఏ వేళకు కొత్త రచన పెట్టాలో నిర్ణయించుకోవచ్చు, అంతకు మించి చోటుతో పనిలేదు. ఐపీ అడ్రసులో చివరి భాగాన్ని నమోదుకు ముందే తుడిచేయడం, పాత లాగులను గడువు పెట్టి చెరిపేయడం, పదిమందిలోపు ఉన్న అంకెలను చూపించకపోవడం ఏ సర్వరులోనైనా వీలయ్యే పనులే. పాఠకుల్లో ఎవరు వెలిమెలవారో తెలుసుకోవాలని నిజంగా ఉంటే పేజీ కింద ఒక ఉత్తరం పెట్టె ఉంచి, ఏ ఊరి నుంచి చదువుతున్నారో రాయమని అడగండి. చెప్పాలనుకున్నవారు చెబుతారు. చెప్పని వారి వెంట పడకండి.